తూము దగ్గర పన్నెండో వేళయ్య

1వ రోజు. పంచమి. పోటు 3 అడుగుల 9 అంగుళాలు. తలుపు మూసింది 12.20కి.

మధ్యాహ్నం లాంచీలో వేళయ్యను దించి వెళ్లారు. ఈ తూము లెక్కల పుస్తకంలో సముద్రం పోటు మట్టానికి, తలుపుకి, గొలుసుకి గడులున్నాయి. వేళయ్యకి లేదు. అందుకని రిమార్కుల గడిలో రాస్తున్నాను. చాలకపోతే కింది పేజీ వాడతాను.

ప్రసార సంస్థ వాళ్లు ఇచ్చిన కాగితంలో ఉన్న సంగతి ఇది. సీరియల్లో పదకొండో వేళయ్య కథ అయిపోయింది. పన్నెండో వేళయ్య ఒళ్లు తయారైంది. వెనకటి పదకొండు జన్మల జ్ఞాపకాలూ అందులో పోశారు. తెరమీద నిలబెట్టేముందు ఏదో ఒక ఊళ్లో నలభై రోజులు ఉంచి మనుషుల్లో మసలడం అలవాటు చేయాలి. ఈసారి వంతు మా ఉప్పుతూముకి వచ్చింది. ఊళ్లో ఖాళీ గది ఉన్నది తూము తలుపు చూసే లస్కరు క్వార్టర్లోనే. ఆ లస్కరుని నేనే కాబట్టి నాకు అప్పగించారు. అతని మెడ వెనక ఒక గాజుబిళ్ల ఉంది. అందులో కనబడే అంకె రోజూ రాయమన్నారు. అది దేని అంకె అనేది కాగితంలో లేదు. ఇవాళ 3.

మనిషి ముప్పై ఏళ్లవాడిలా ఉన్నాడు. కోలమొహం, పెద్ద చెవులు. గట్టు ఎక్కగానే రెండు చేతులూ చాపి, "భయపడకండి. నేను వేళయ్యను. ఇది ఏ శతాబ్దం?" అన్నాడు.

ఇది తూమనీ, తలుపు దించుతున్నాననీ, పక్కకి జరగమనీ చెప్పాను. జరిగాడు.

2వ రోజు. షష్ఠి. పోటు 3 అడుగుల 5 అంగుళాలు. బిళ్ల 4.

ఊరంతా వచ్చింది. తొంభై ఏళ్లుగా నడుస్తున్న సీరియల్ కదా, మా ఊళ్లో అది చూడని మనిషి లేడు. కాలంలో ముందుకీ వెనక్కీ రాగి గంగాళంలో కూర్చుని వెళ్లే వేళయ్య, ప్రతి జన్మ చివరా ఊరినో లోకాన్నో కాపాడి చచ్చిపోతాడు. మళ్లీ కొత్త మొహంతో లేస్తాడు. పాత జన్మల భాగాలు కూడా మళ్లీ మళ్లీ వేస్తుంటారు. ఎవరు చిన్నప్పుడు ఏ మొహం చూశారో వాళ్లకి అదే వేళయ్య. మా తెర షెడ్డులో జట్టుకో వరస. ఏడోవాడి జట్టు ముందు, నాలుగోవాడి జట్టు పక్కన, మిగతావాళ్లు వెనక. పెళ్లిసంబంధాలు కూడా ఈ లెక్క చూసుకునే మాట్లాడుకుంటారు.

వేళయ్య అందరినీ కూర్చోబెట్టి, మూడో జన్మలో తాను ఉల్కల వానలోంచి ఒక నగరాన్ని ఎలా ఎత్తుకొచ్చాడో చెప్పాడు. టీకొట్టు మంగాయమ్మ మధ్యలో ఆపి, అది మూడో జన్మ కాదు నాయనా నాలుగు, మూడులో నీకు కాలు విరిగి మంచంమీద ఉన్నావు అంది. అతను కాసేపు ఆలోచించి ఆవిడ చెప్పిందే నిజమన్నాడు. నాలుగోవాడి జట్టు మంగాయమ్మదే. ఆవిడ ఆ పూట ఎవరి దగ్గరా టీ డబ్బులు తీసుకోలేదు.

గంగాళం ఏదని అడిగారు. సంస్థ వాళ్ల దగ్గరే ఉందన్నాడు. అందరూ నిరుత్సాహపడ్డారు.

5వ రోజు. నవమి. పోటు 2 అడుగుల 11 అంగుళాలు. బిళ్ల 12.

పడవల మేస్త్రి పోలినాయుడు మావ పొద్దున్నే వచ్చి ఇతన్ని తీసుకుపోయాడు. మావకి డెబ్భై దాటాయి. ఏడోవాడి జట్టుకి ఆయనే పెద్ద. "పిల్లోడికి నడక కూడా నేర్పకుండా పంపారమ్మా. ఏడోవాడు ఎడంకాలు కొంచెం ఈడ్చేవాడు. అది లేకపోతే వేళయ్య ఎలా అవుతాడు," అని నాతో అన్నాడు. సాయంత్రానికి ఇతను ఎడంకాలు ఈడ్చుకుంటూ వచ్చాడు.

కాగితంలో అలవాటు చేయమనే ఉంది. ఏం అలవాటు చేయాలో వివరంగా లేదు.

11వ రోజు. పౌర్ణమి. పోటు 5 అడుగుల 8 అంగుళాలు. బిళ్ల 33.

అంకె పెరుగుతోందని ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. ఎలా తెలిసిందంటే, వచ్చిన ప్రతివాళ్లూ అతని కాలరు కిందికి లాగి చూసి వెళ్తున్నారు. మార్కులని అందరూ నిర్ణయించారు. ఏడోవాడి నడకకి ఎనిమిది పెరిగిందని పోలినాయుడు మావ, నాలుగోవాడి నవ్వుకి పదకొండు పెరిగిందని మంగాయమ్మ. ఇద్దరూ సుద్దముక్కతో షెడ్డు గోడమీద వేస్తున్నారు.

నాకూ మార్కులే అనిపించింది. నీళ్లు పెరిగితే చెడ్డది, మార్కులు పెరిగితే మంచిది అనుకున్నాను.

19వ రోజు. కృష్ణపక్షం అష్టమి. పోటు 2 అడుగుల 10 అంగుళాలు. బిళ్ల 58.

ఇప్పుడు ఇతను ఏడోవాడిలా నడిచి, నాలుగోవాడిలా నవ్వి, రెండోవాడిలా భుజం ఎగరేసి, తొమ్మిదోవాడిలా ముక్కుతో మాట్లాడుతున్నాడు. అన్నం తినేటప్పుడు ఏ జన్మ వాడాలో తేల్చుకోలేక చేయి గాల్లో ఆగిపోతోంది. చారు చల్లారిపోతోంది. వడ్డించేది నేను కాబట్టి చికాకు నాది.

"నీకు ఎలా తినాలనుంటే అలా తిను," అన్నాను.

"నాకంటే ఏ నాకు, అక్కా?" అన్నాడు. వెక్కిరింత కాదు. నిజంగానే అడిగాడు.

24వ రోజు. త్రయోదశి. పోటు 5 అడుగుల 1 అంగుళం. బిళ్ల 71.

గొలుసుకి గ్రీజు అయిపోయిందని రేడియోలో చెప్పి, పనిలో పనిగా ప్రసార సంస్థతో కూడా మాట్లాడాను. దయాసాగర్ అనే ఆయన దొరికాడు. మీవాడు బాగా చదువుతున్నాడు, అంకె డెబ్భై ఒకటికి వచ్చింది, వందకి చేరుస్తాం అని చెప్పాను. ఆయన ఆ అంకె మళ్లీ చెప్పమన్నాడు. లైను బాగోలేదనుకున్నాను.

అది మార్కులు కాదట. పోలిక. వెనకటి వేళయ్యలతో ఎంత కలుస్తున్నాడో చూపించే అంకె. తొమ్మిదోవాడు అచ్చం ఏడోవాడిలా వచ్చాడని జనం చూడ్డం మానేసి, సీరియల్ మూతపడబోయిందట. అప్పటినుంచి నియమం పెట్టారు. నలభయ్యో రోజుకి అంకె ముప్పైలోపు ఉండాలి. ఉంటే తెరమీదికి. దాటితే ఆ ఒంటిని తొట్టిలో కరిగించి వేరేది పోస్తారు.

అది కాగితంలో లేదన్నాను. రెండో కాగితంలో ఉందన్నాడు. రెండో కాగితం నాకు ఇవ్వలేదన్నాను. ఆయన ఎవరినో పిలిచి అడిగాడు. రెండో కాగితం ఆయన బల్లమీదే ఉంది.

సాయంత్రం ఇతనికి చెప్పాను. దాచిపెట్టి లాభం లేదు. గట్టుమీద కూర్చుని విన్నాడు.

కరిగిస్తే నొప్పి ఉంటుందా అని అడిగాడు. దయాసాగర్ని అడగలేదని చెప్పాను.

"పదకొండుసార్లు చచ్చాను. ఒక్కసారి కూడా భయపడినట్టు గుర్తులేదు. ఇప్పుడెందుకు భయమేస్తోంది?"

"అవి పదకొండూ వాళ్లవి. ఇది నీది," అన్నాను.

లోపలికి వెళ్లేముందు మళ్లీ కాలరు లాగి చూశాను. 69.

25వ రోజు. చతుర్దశి. పోటు 5 అడుగుల 6 అంగుళాలు. బిళ్ల 69.

షెడ్డులో ఊరంతటికీ చెప్పాను. పోలినాయుడు మావ లేచి గోడమీది సుద్దగీతలు తువ్వాలుతో తుడిచాడు. అంతవరకూ బాగుంది. ఎవరు నేర్పింది వాళ్లు వెనక్కి తీసుకోవాలని నేను అనేసరికి గొడవ మొదలైంది.

నాలుగోవాడి నవ్వు తీసేస్తే సరిపోతుంది, అది ఎలాగూ గేదె దగ్గినట్టు ఉంటుంది అన్నాడు మావ. ఏడోవాడి కుంటినడక తీసేస్తే సగం రోగం పోతుందని మంగాయమ్మ. రెండు గంటలు మాట్లాడుకున్నారు. ఎవరి వేళయ్యలోంచీ వెంట్రుక కూడా తీయడానికి ఒప్పుకోలేదు. ఇతను మధ్యలో స్టూలుమీద కూర్చుని, ఎవరు మాట్లాడితే వాళ్లవైపు తల తిప్పుతూ ఉన్నాడు.

చివరికి, ఉన్నవి తీయడం కష్టం కాబట్టి అసలు ఎవరిలాగా కాని కొత్త నడక, కొత్త నవ్వు ఊరే తయారుచేసి ఇవ్వాలని తీర్మానించారు.

27వ రోజు. పాడ్యమి. పోటు 5 అడుగుల 7 అంగుళాలు. బిళ్ల 74.

కొత్త నడక నేర్పారు. అది ఆరోవాడి నడక. ఎవరికీ గుర్తులేదు, బిళ్లకి గుర్తుంది. కొత్త దండం పెట్టడం నేర్పారు. అది పదోవాడిది. ఈ ఊళ్లో మనిషి చేయి ఎత్తినా దించినా అది సీరియల్లోంచి వచ్చిందే. తొంభై ఏళ్లు చూస్తే అంతే. నిన్న నేను గొళ్లెం వేస్తూ 'ఇక ఇటు పెను చీకటి రాదు' అన్నాను. అది మూడోవాడి మాట. మా అమ్మ కూడా గొళ్లెం వేస్తూ అదే అనేది.

ఇలా కాదని, రేపటినుంచి ఇతన్ని షెడ్డు వైపు పంపను. తూము పని చాలా ఉంది.

29వ రోజు. తదియ. పోటు 4 అడుగుల 10 అంగుళాలు. బిళ్ల 66.

కాలవలో గుర్రపుడెక్క తీయించాను. నడుముల్లోతు నీళ్లలో దిగి, వేళ్లతోసహా లాగి, గట్టుమీద వేయాలి. మొదట కాలాన్ని వెనక్కి తిప్పి గుర్రపుడెక్క మొలవకముందే ఆపుతానన్నాడు. గంగాళం లేదు కదా అన్నాను. దిగాడు.

పదకొండు జన్మల్లో ఏ వేళయ్యా కలుపు తీయలేదు. తీస్తే ఎవరు చూస్తారు? రెండో గంటకి నడక పోయింది, బురదలో ఎవరి నడకైనా ఒక్కటే. మూడో గంటకి నవ్వు పోయింది. సాయంత్రం అన్నం గబగబా తిని, ఎవరి పోలికా లేకుండా గోడకి ఆనుకుని నిద్రపోయాడు. నోరు తెరుచుకుని.

33వ రోజు. సప్తమి. పోటు 3 అడుగుల 1 అంగుళం. బిళ్ల 52.

గొలుసుకి గ్రీజు, తలుపుకి తారు, గట్టుకి ఎండ్రకాయ బొక్కలు పూడ్చడం. ఇతను పనిలో చురుకు కాదు. చెప్పింది చేస్తాడు. తెలియనిది వస్తే ఆగి అడుగుతాడు. మొదట్లో అడగడానికి సిగ్గుపడేవాడు, ఇప్పుడు లేదు. అడిగిన ప్రతిసారీ బిళ్లలో ఒకటో రెండో తగ్గుతోంది. కావాలని అడిగితే తగ్గదు. అదీ చూశాను.

నిన్న మావ గేదె ఊబిలో దిగబడితే మాత్రం చేయి పైకెత్తి ఏడోవాడిలా నిలబడ్డాడు. నాలుగు పెరిగింది. గేదె తనే లేచి వచ్చింది.

36వ రోజు. దశమి. పోటు 3 అడుగుల 4 అంగుళాలు. బిళ్ల 41.

ఇలా తగ్గితే సరిపోతుంది. ఊళ్లోవాళ్లని గట్టువైపు రావద్దన్నాను. మంగాయమ్మ టీ పంపించడం మానలేదు. గ్లాసు గట్టు చివర పెట్టి, ఇటు చూడకుండా వెళ్లిపోతోంది. చూస్తే నేర్పాలనిపిస్తుందట.

37వ రోజు. ఏకాదశి. పోటు 3 అడుగుల 11 అంగుళాలు. బిళ్ల 54.

పోలినాయుడు మావ చేపల పులుసు ఉందని ఇతన్ని పిలిచి తీసుకుపోయాడు. నేను పైకాలవ మట్టం చూడ్డానికి వెళ్లిన సమయం చూసుకున్నాడు. వచ్చేసరికి పదమూడు పెరిగింది. మావ ఇంటికి వెళ్లి అడిగాను. పీటమీద కూర్చుని ఉన్నాడు, తల ఎత్తలేదు.

"ఉపన్యాసం ఒక్కసారి చెప్పించుకున్నానమ్మా," అన్నాడు.

ప్రతి వేళయ్యా ఊరిని కాపాడేముందు చేయి పైకెత్తి ఉపన్యాసం ఇస్తాడు. ఏడోవాడి చివరి ఉపన్యాసం అందరికీ నోటికి వచ్చు. అది తెరమీద వచ్చిన రోజు మావకి పదేళ్లు. ఆ రోజు వాళ్ల నాన్న పడవ తిరిగి రాలేదు. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

"చచ్చేలోపు ఎదురుగా నిలబడి ఒకసారి వినాలనుండేది. విన్నాను. తప్పే."

మూడు రోజులే ఉన్నాయని చెప్పి వచ్చాను.

39వ రోజు. చతుర్దశి, నిన్న ద్వాదశి త్రయోదశి కలిసొచ్చాయి. పోటు 6 అడుగుల 3 అంగుళాలు. తలుపు మూసింది 9.25కి, ఆలస్యంగా. కారణం కింద రాశాను.

పొద్దున బిళ్ల 45. వాయవ్యం గాలి తిరిగి తూర్పు గాలి అయింది, పోటు తోసుకుని వచ్చింది. ఎనిమిదిన్నరకి తలుపు దించితే అడుగున్నర ఎత్తులో ఆగిపోయింది. తాటిదుంగ ఒకటి కొట్టుకొచ్చి అడుగున అడ్డుపడింది. కిందనుంచి ఉప్పునీళ్లు లోపలికి వస్తున్నాయి. పోటు నిండేలోపు తలుపు పడకపోతే ఊరి మంచినీళ్ల గుంట పోతుంది. వానలొచ్చేదాకా ఊరికి వేరే నీళ్లు లేవు.

గంట కొట్టాను. ఊరంతా గట్టుమీదికి వచ్చింది. వచ్చి దుంగవైపు చూడలేదు, ఇతనివైపు చూసింది.

నిజం రాయాలంటే నేనూ చూశాను. పుట్టిందగ్గర్నుంచీ ఇలాంటి సమయంలో ఏం జరుగుతుందో చూస్తూ పెరిగినవాళ్లం. ఇతను తూము దిమ్మ ఎక్కాడు. ఎడంకాలు ఈడ్చాడు. చేయి పైకి లేచింది. మావ తలమీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. నీళ్లు వస్తూనే ఉన్నాయి.

ఇతను నోరు తెరిచాడు. తెరిచి, పైకెత్తిన తన చేతివైపు చూసుకున్నాడు. తర్వాత కింద నీళ్లవైపు చూశాడు. చేయి దించేసి నావైపు తిరిగాడు.

"అక్కా, నాకిది రాదు. ఏం చేయాలో చెప్పు."

గట్టుమీద ఎవరో అయ్యయ్యో అన్నారు.

లోపలివైపు దిగి దుంగకి మోకు కట్టమన్నాను. నేను తలుపు రెండు చుట్లు పైకి లేపుతాను, ఆ ఒక్క నిమిషంలో అందరూ లాగాలన్నాను. లేపితే ఇంకా నీళ్లొస్తాయి కదా అని మంగాయమ్మ అంది. వస్తాయన్నాను. ఇతను దిగాడు. కట్టిన ముడి రెండుసార్లు జారిపోయింది. నీళ్లలోంచి తల పైకెత్తి, ముడి ఎలా వేయాలి మావా అని అడిగాడు.

పోలినాయుడు మావ తువ్వాలు పారేసి గట్టు అంచుకి వచ్చాడు. "రెండు చుట్లు తిప్పు. కొస కిందనుంచి తీయి. అటు కాదు, నీ గుండెవైపు. ఆఁ, ఇప్పుడు బిగించు." అరవై ఏళ్లు పడవలు కట్టినవాడు చెప్పే మాట అది. ఏ జన్మలోదీ కాదు.

లేపాను. లాగారు. దుంగ మూడోసారికి వచ్చింది. వచ్చిన ఊపుకి ఊరు సగం వెల్లకిలా పడింది. తలుపు దించాను. లోపలికి నాలుగు అంగుళాల ఉప్పునీళ్లు వచ్చాయి, గుంట గట్టుకి జానెడు కింద ఆగాయి. పాటులో, సముద్రం వెనక్కి తీసినప్పుడు, వదిలేస్తాను.

ఇతను పైకి వచ్చి బోర్లా పడుకున్నాడు. కాలరు లాగనక్కర్లేకపోయింది, చొక్కా నీళ్లలో పోయింది. 31.

40వ రోజు. పౌర్ణమి. పోటు 5 అడుగుల 11 అంగుళాలు. తలుపు మూసింది 9.40కి.

దయాసాగర్ లాంచీలో వచ్చాడు. బిళ్ల చూశాడు. 31. ముప్పైలోపు ఉండాలి కదా అన్నాడు. ఒకటే కదా అన్నాను. ఒకటైనా ఒకటేనన్నాడు. నీటిమట్టం విషయంలో నేనూ అలాగే అంటాను.

పోలినాయుడు మావ ముందుకొచ్చి ఆ ఒకటీ నాదే బాబూ, పులుసు రోజుది అన్నాడు. మంగాయమ్మ కాదు నాదేనంది. నవ్వులో ఇంకా కొంచెం మిగిలిందట. ఒక అంకె కోసం పదిమంది పోట్లాడారు. దయాసాగర్ నుదుటికి చేయి పెట్టుకున్నాడు.

ఇతన్ని పక్కకి తీసుకెళ్లి ఏదో అడిగి రాసుకున్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఒక లోకం మునిగిపోతుంటే ఏం చేస్తావని అడిగితే, అక్కడ తూము చూసేవాళ్లు ఎవరో కనుక్కుంటానన్నాడు, ఇదేం జవాబు అని నన్ను అడిగాడు. సరైన జవాబే అన్నాను. ఇలాంటివాడితో సీరియల్ నలభై రెండు భాగాలు ఎలా నడుస్తుందని ఆయన గొణిగాడు. తీర్పు తన చేతిలో లేదట, పైవాళ్లు చూస్తారట. వచ్చే నెల కృష్ణపక్షం విదియనాడు సీరియల్ మొదలవుతుంది. తెరమీద ఈ మొహం వస్తే సరే. వేరే మొహం వస్తే అడగొద్దన్నాడు.

ఇతను లాంచీ ఎక్కాడు. ఊళ్లోవాళ్లు రేవులో నిలబడి చేతులు కట్టుకున్నారు. ఏం ఊపినా ఎవరో ఒకరి పోలిక అవుతుందని భయం. ఇతనూ ఊపలేదు. కనబడినంతసేపూ ఇటే చూశాడు.

55వ రోజు. అమావాస్య. పోటు 5 అడుగుల 9 అంగుళాలు.

కబురు లేదు. రేడియోలో అడిగాను. గ్రీజు పంపిస్తామన్నారు.

72వ రోజు. కృష్ణపక్షం విదియ. పోటు 5 అడుగుల 2 అంగుళాలు. తలుపు మూసింది ఉదయం 11కి, ఎత్తింది సాయంత్రం 5కి.

ఆరింటికి షెడ్డు నిండిపోయింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. తెర వెలిగింది, పాట వచ్చింది, గంగాళం ఒక ఎర్రటి ఎడారిలో దిగింది. మూత తెరుచుకోవడానికి మామూలుకంటే ఎక్కువసేపు పట్టినట్టనిపించింది. ముందు ఒక చేయి వచ్చింది. చేతిని బట్టి చెప్పలేకపోయాను. తర్వాత చెవులు వచ్చాయి.

మంగాయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

తర్వాత కథ మొదలైంది. ఎడారిలో ఇసుక ఒక ఊరిని మింగేస్తోంది. జనం ఇతని చుట్టూ చేరారు. ఇతను ఉపన్యాసం ఇవ్వలేదు. దీన్ని ఎలా ఆపాలో నాకు తెలీదు, మీలో ఇసుక పని తెలిసినవాళ్లు ఎవరు అని అడిగాడు. ఒక ముసలిది చేయెత్తింది. మిగతా భాగమంతా ఆవిడ చెప్పడం, ఇతను తట్టలు మోయడం. ఊరు సగమే దక్కింది.

అయిపోయేసరికి షెడ్డులో పెద్ద గోల. వేళయ్యకి తెలీకపోవడమేంటి, ఆ మోసేదానికి వేళయ్య ఎందుకు, మనమే చాలు కదా అన్నాడు పోలినాయుడు మావ. నవ్వనే లేదు చూశారా, నాలుగోవాడైతే ఇసుక నవ్వుకే ఆగిపోయేదంది మంగాయమ్మ. నడక బాగోలేదన్నారు. నిలబడ్డం బాగోలేదన్నారు. మన దగ్గర నలభై రోజులుండి ఒక్కటి కూడా పట్టుకుపోలేదని తిట్టారు. ఒక్కరికి కూడా నచ్చలేదు. రేపు సంస్థకి ఉత్తరం రాస్తారట.

పని సరిగానే జరిగిందని ఇక్కడ నమోదు చేస్తున్నాను.